ఓడ వంటవాడి చెల్లెలు

వంతెన అవతలి సందు, వెనక వరండా
వేసవి మొదటి సోమవారం

అన్నయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే నన్ను తిట్టడానికి నీకు ఊపిరి ఎక్కువ దొరుకుతుంది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. మనిద్దరం ఫోన్లో మూడు నిమిషాలు దాటితే పోట్లాటే. పైగా నీ కుడి చెవి సంగతి సరేసరి. పోయినసారి "ఒంట్లో ఎలా ఉంది" అంటే "ఒంటె ఎక్కడుంది" అని ఎదురడిగావు.

అసలు సంగతి, నేను నోరు జారాను.

మా సందులో ఏడిళ్ళు. ఎండలు ముదిరాక ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు పెరట్లో బొగ్గులు రాజేసి, అందర్నీ పిలిచి, ఏదో ఒకటి కాల్చి పెడతారు. ఏదో ఒకటి అంటే కోడి. ఈ ఇంట్లోకి వచ్చి మూడేళ్ళయింది, తిన్నది ఒకే కోడేమో అని నాకు అనుమానం. అందరికంటే జోరు మూడో ఇంటి పళ్ళ డాక్టరుది. ఆయనకి మనిషంత స్టీలు పొయ్యి ఉంది. దానికో మూత, మూత మీద వేడి కొలిచే ముల్లు. ఆ ముల్లు చూసి "ఇంకో రెండు నిమిషాలు" అంటాడు, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి బంధువులతో చెప్పినట్టు.

నిన్న నాకెందుకో ఊరుకోబుద్ధి కాలేదు. "బాగుంది డాక్టరుగారూ, కానీ ఎప్పుడూ ఇదేనా?" అన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేసేవారికి దూరంగా ఉన్నవి బాగా కనిపిస్తాయి కాబోలు. మీ పెరట్లో ఏం కాలుస్తారో అదీ చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు. మీ బావగారూ నవ్వారు. ఆయన నవ్వు సంగతి ఇంటికొచ్చాక తేల్చాననుకో, కానీ అక్కడ నా నోరు ఆగలేదు. "మా అన్నయ్య ఇరవై రెండేళ్ళు ఓడలో వంటవాడు. తిరగని రేవు లేదు. ఈ వేసవంతా మా ఇంటికే రండి, వారం విడిచి వారం ఒక్కో దేశం రుచి చూపిస్తాను" అనేశాను.

ఇప్పుడు కుదరదంటే ఈ సందులో తలెత్తుకు తిరగలేను. నాకు వచ్చిన వంట నీకు తెలిసిందే. అద్దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీస్తాను గానీ ఉప్పు దగ్గర నా చెయ్యి అదుపులో ఉండదు. మీ బావగారి సాయమా, ఆయన ఫైరింజను డ్రైవరు. పెరట్లో నిప్పు కనబడితే ఆయనకి ఆకలి గుర్తురాదు, డ్యూటీ గుర్తొస్తుంది.

నువ్వు ఓడ దిగి ఏడాదైంది, వంటింటి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నావు, తెలుసు. సెలవులకి వచ్చినప్పుడు కూడా గరిటె ముట్టేవాడివి కాదు. గరిటె వద్దులే, కలం ముట్టు. మొదటి ఆదివారానికి ఇంకా పదమూడు రోజులుంది.

నీ చెల్లెలు


రేవు వీధి, మేడ మీది గది
బుధవారం

పిడుగూ,

కూర్చునే చదివాను. తర్వాత లేచి నిలబడి తిట్టాను. కింద ఉన్నవాళ్ళు పైకొచ్చి ఏమైందని అడిగారు.

జవాబు ఆలస్యమైందని అనుకోకు, పాత కాగితాలు వెతకాల్సి వచ్చింది. టర్కీ వాళ్ళ ఊచల మాంసం రాస్తున్నాను. తేలిక. జాగ్రత్తగా చదువు.

గొర్రె మాంసం తీసుకో. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలి, లేకపోతే జత కుదరదు. ఉల్లిపాయలు ఆరు కిలోలు కోరి, గుడ్డలో మూటగట్టి రసం పిండు. గుడ్డని మెలిపెట్టేటప్పుడు ఒక చెయ్యి నీ వైపు, ఒక చెయ్యి అవతలికి తిప్పు. చుక్క మిగలకూడదు. పిప్పి అక్కర్లేదు, రసమే కావాలి. అందులో పెరుగు, నూనె, మిరియాలు, ఉప్పు కలిపి మాంసాన్ని ఒక పూట నానబెట్టు. మురికి వదలాలి. అంటే, మొండితనం వదలాలి. తర్వాత నీళ్ళోడ్చి, ఇనప ఊచలకి గుచ్చి, అంచులు ముందు, మధ్యభాగం తర్వాత కాల్చు. వేడి ఎక్కువైతే పచ్చటి మచ్చ పడుతుంది. అది ఇక జన్మలో పోదు.

ఓడ గురించి ఎవరైనా వివరాలడిగితే మాట మార్చెయ్యి. వంట ఓడలో చేసినా ఒడ్డున చేసినా ఒకటే.

నీ అన్నయ్య


వెనక వరండా
సోమవారం, కళ్ళింకా మండుతున్నాయి

అన్నయ్యా,

ఆరు కిలోల ఉల్లిరసం ఎంతమందికి? నిన్న మా పెరట్లో ఉన్నది పద్నాలుగు మంది.

పొద్దున్నే కోరడం మొదలుపెట్టాను. రెండో కిలో దగ్గర నాకు కనిపించడం మానేసింది. నాలుగో కిలో దగ్గర పక్కింటి సంగీతం టీచరు గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మా, ఎవరైనా పోయారా?" అంది. కారణం చెప్పేలోపే ఆవిడకీ ఏడుపొచ్చింది. మీ బావగారు స్టేషనుకి పరిగెత్తి, పొగలో పెట్టుకునే ముసుగు తగిలించుకొచ్చి మిగతా రెండు కిలోలు కోరారు. ఆ ముసుగుతో ఆయన వీధి గుమ్మంలో నిలబడి అతిథుల్ని "రండి రండి" అని పిలుస్తుంటే ఇద్దరు వెనక్కి వెళ్ళిపోయారు.

అయితే అన్నయ్యా, మాంసం మాత్రం అద్భుతం. నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. పళ్ళ డాక్టరు మొహం చూడాలి. మూడు ఊచలు తిన్నాడు. నాలుగోది తీసుకుంటూ "మీ అన్నయ్యగారిది ఏ ఓడ?" అన్నాడు. నువ్వు చెప్పినట్టే మాట మార్చాను, వదల్లేదు. అప్పుడు లోపలికెళ్ళి అమ్మ పెట్టె తెచ్చాను. నీ ఉత్తరాల మీది తపాలా బిళ్ళలన్నీ ఆవిడ నీళ్ళలో నానబెట్టి ఊడదీసి, ఆరబెట్టి, ఒక పుస్తకంలో అంటించి పెట్టుకుంది కదా. ఇరవై ఆరు దేశాలు. పేజీ పేజీ తిప్పి చూపించాను. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని చూశాడు. ఆ జోడు మా కొట్టులో బిగించిందే, ఎడమ కాడ వదులు. కావాలనే చెప్పలేదు.

ఒక్కటడుగుతాను. నీ ఉత్తరం చదివితే గొర్రెని వండమంటున్నావో ఉతకమంటున్నావో తెలియలేదు. ఓడలో అందరూ ఇలాగే మాట్లాడతారా?

తర్వాతి ఆదివారానికి ఇంకో దేశం పంపు. మనిషి లెక్కన పంపు.

నీ చెల్లెలు


రేవు వీధి
గురువారం, మధ్యాహ్నం విరామంలో

పిడుగూ,

ఈసారి రెండు దేశాలు. అందరికీ రుచి చూపించి వాళ్ళ నోరు మూయించు.

మెక్సికో మొక్కజొన్న: కంకిని నిప్పుల మీద అన్ని వైపులా కాల్చు. మయొనైజ్ అని తెల్లటి సాస్ సీసాల్లో దొరుకుతుంది, దాన్ని చొక్కా చేతికి గంజి పట్టించినట్టు కంకికి పట్టించు. పైన తురిమిన జున్ను, కారం, నిమ్మరసం.

జపాను కోడి: చిన్న ముక్కలు వెదురు పుల్లలకి గుచ్చు. సోయా సాస్‌లో చక్కెర వేసి చిక్కబడేదాకా మరగబెట్టు. నిప్పుల మీద తిప్పుతూ మూడుసార్లు కుంచెతో పుయ్యి.

అమ్మ ఆ బిళ్ళలు దాచిందని నాకు తెలియదు. పుస్తకంలో అంటించిందా? అన్నీనా?

నీ అన్నయ్య


వెనక వరండా
సోమవారం

అన్నయ్యా,

నిన్న మా పెరట్లో జరిగింది రాయాలంటే ముందు నవ్వాలో ఏడవాలో తేలడం లేదు.

నీ ఉత్తరం సంగీతం టీచరుకి గోడ మీంచి చదివి వినిపించాను. ఆవిడ 'గంజి' దగ్గర వినడం ఆపేసింది. నేను సాస్ కొనుక్కొచ్చేసరికి ఆవిడ ఒక గిన్నెడు గంజి కాచి, చల్లార్చి, సగం కంకులకి పట్టించి వరసగా పేర్చింది. ఏ సగమో ఆవిడకీ గుర్తులేదు. తినేవాళ్ళ అదృష్టం మీద వదిలేశాం. గంజి కంకి వచ్చినవాళ్ళు మర్యాదకి "మెక్సికో వాళ్ళు చప్పగా తింటారన్నమాట" అన్నారు. ఇక పళ్ళ సందుల్లో గింజలు ఇరుక్కోని మనిషి లేడు. పళ్ళ డాక్టరు మొహం వెలిగిపోయింది. జేబులోంచి కార్డులు తీసి పంచాడు.

ఆ తర్వాత జపాను. వెదురు పుల్లలు నిప్పుల మీద పెట్టానో లేదో, చివర్ల నుంచి ఒక్కోటీ అగరొత్తిలా అంటుకుంది. ముక్కలు టపటపా బొగ్గుల్లో పడ్డాయి. వాటితో పాటు చక్కెర సాస్. ఒక్కసారిగా మంట నా ఎత్తున లేచింది. మీ బావగారు నాలుగు వారాలుగా ఈ క్షణం కోసమే కాచుకున్నారు. "పక్కకి తప్పుకోండి!" అని ఒక్క అరుపు అరిచి రెండు బకెట్ల ఇసుక కుమ్మరించారు. పొయ్యి ఆరింది, కోడి సమాధి అయింది. ఆయన మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని, "ప్రాణనష్టం లేదు" అని ప్రకటించారు.

పుల్లలు ముందు నీళ్ళలో నానబెట్టాలట కదా! కొట్టుకి వచ్చిన ఒకావిడ చెప్పింది. అంత ముఖ్యమైన సంగతి ఇరవై రెండేళ్ళు వండినవాడికి గుర్తురాలేదా? పళ్ళ డాక్టరు నిన్న అక్కడే ఒక మాటన్నాడు. "మీ అన్నయ్యగారు నిజంగా వంటవారేనా, లేక వంటవారి పక్కన నిలబడేవారా?" నాకు తల కొట్టేసినట్టయింది. నీ పరువు కాపాడాలి, ఇంకొక్కటి పంపు. ఈసారి పొల్లు పోకుండా రాయి.

నీ చెల్లెలు


రేవు వీధి
శనివారం

పిడుగూ,

తప్పు నాదే. మర్చిపోయాను. చెయ్యేమీ కాలలేదు కదా?

ఇది అర్జెంటీనా వాళ్ళది. దీన్ని నాలుగుసార్లు అడిగి రాసుకున్నాను. అంటే, నాలుగుసార్లు చూసుకుని రాశాను. మాంసం పెద్ద పలకలా కొట్టించు. ఉప్పు తప్ప ఏమీ పెట్టకు. మంట మీద కాదు, మంట తగ్గి బూడిద కప్పిన బొగ్గుల మీద, తొందరపడకుండా కాల్చు. పక్కన పచ్చటి సాస్: కొత్తిమీరలాంటి పార్స్లీ ఆకు, వెల్లుల్లి సన్నగా తరిగి, వెనిగరు, నూనె, ఎండుమిరప గింజలు కలిపి గంటసేపు ఊరనివ్వు. మాంసం కోసి, పైన వేసి పెట్టు. అంతే.

బావగారిని కాస్త దూరంగా నిలబడమను.

నీ అన్నయ్య


వెనక వరండా
సోమవారం ఉదయం, కొట్టుకి వెళ్ళే ముందు

అన్నయ్యా!

గెలిచాం. గిన్నెలు కడగాల్సిన పని లేకుండా తిన్నారు. ఆ పచ్చ సాస్‌ని సంగీతం టీచరు చెంచాతో తాగింది. పళ్ళ డాక్టరు లేచి నిలబడి అందరి ముందూ "ఒప్పుకుంటున్నాను" అన్నాడు. ఆ ఒక్క మాటకీ ఆయనకి పన్ను పీకినంత కష్టమైంది.

ఇప్పుడు అసలు విషయం. వేసవి చివరి ఆదివారం నువ్వు రావాలి. అందరూ పట్టుబట్టారు. ఏడిళ్ళ పెరళ్ళ మధ్య కంచెలు విప్పేసి బల్లలన్నీ ఒక వరసలో వేస్తారట. చుట్టుపక్కల సందులవాళ్ళతో కలిపి అరవై మంది. నువ్వు వండాలి. వస్తావని మాటిచ్చేశాను.

నీ చెల్లెలు


రేవు వీధి
గురువారం

పిడుగూ,

రాలేను. మోకాలు వాచింది. ఇక్కడ వర్షం పడేలా ఉంది. పన్ను కూడా సలుపుతోంది.

నీ అన్నయ్య


వెనక వరండా
సోమవారం

అన్నయ్యా,

మోకాలికి కుర్చీ వేస్తాను. వర్షం అక్కడ పడితే నువ్వు ఇక్కడికి రావడమే మంచిది. పంటికి మా సందులో డాక్టరు ఉన్నాడు. ఇంకేమైనా సాకులు మిగిలుంటే ఒకేసారి రాసి పంపు, తపాలా మనిషికి శ్రమ తగ్గుతుంది.

అమ్మ కర్మలకి వచ్చి వెళ్ళాక నువ్వు మళ్ళీ మా ఇంటికి రానేలేదు. ఆరేళ్ళు. వంట ఒక నెపం అనుకో.

నీ చెల్లెలు


రేవు వీధి, మేడ మీది గది
ఆదివారం

చెల్లీ,

ఈ ఉత్తరం నువ్వూ కూర్చునే చదువు.

నేను వంటవాణ్ణి కాదు. ఎప్పుడూ కాదు. నీళ్ళు కాచడం వచ్చు, అంతే.

ఓడ ఎక్కిన మాట నిజం. బట్టలుతికే పనికి ఎక్కాను. నాలుగు నెలలున్నాను. ఆ నాలుగు నెలలూ కడుపులో ఏదీ నిలవలేదు. ఓడ కదిలినా వాంతే, కదలకపోయినా వాంతే. ఈ రేవు రాగానే కెప్టెనే నా మూట కిందికి దించి, "నువ్వు నేల మీద బతుకు నాయనా" అన్నాడు. అప్పట్నుంచి ఇక్కడే, ఈ వీధిలోనే, కింద ఉన్న లాండ్రీలో ఇస్త్రీ చేస్తున్నాను. ఇరవై రెండేళ్ళు. కుడి చెవి పోయింది ఓడ ఇంజను వల్ల కాదు, ఆవిరి ఇస్త్రీ యంత్రం పక్కన నిలబడి.

బయల్దేరేటప్పుడు ఎంత గొప్పలు పోయి వెళ్ళానో నీకు గుర్తుండే ఉంటుంది. తిరిగి రావడానికి మొహం చెల్లలేదు. ఈలోగా అమ్మ రాసింది, 'ఓడలో ఏం తింటున్నావో, ఎవరు పెడుతున్నారో' అని. నేనే వంటవాణ్ణమ్మా, ఆకలన్న మాటే లేదని రాశాను. ఒక్క ఉత్తరంతో అయిపోతుందనుకున్నాను. కానీ ఆవిడ మళ్ళీ రాసింది, ఏం వండావని.

లాండ్రీకి అన్ని దేశాల ఓడలవాళ్ళూ బట్టలు తెస్తారు. నా ఉత్తరాలు వాళ్ళ చేతికిచ్చి, తర్వాతి రేవులో పోస్టు చెయ్యమనేవాణ్ణి. అమ్మ దాచిన బిళ్ళలు అవే. మీరు రాసేవి 'కంపెనీ ఆఫీసు' పేరుతో ఇక్కడికే వచ్చేవి. నీకు పంపిన వంటలూ ఆ ఓడలవాళ్ళవే. టర్కీ మీసాలాయన తన ఓడలో అందరికీ సరిపడే లెక్క చెప్పాడు. జపాను ఆయన్ని కోడి గురించి అడగడానికి నేను చేతులతో రెక్కలు ఆడించి చూపిస్తే లాండ్రీలో అందరూ పనాపి చూశారు. పుల్లలు నానబెట్టమని ఆయన చెప్పే ఉంటాడు. చెయ్యి నీళ్ళలో ముంచినట్టు రెండుసార్లు చూపించాడు. తన చొక్కాల గురించి అనుకుని, "అలాగే, బాగా నానబెడతాను" అని తలూపాను.

ఇంతవరకూ నవ్వుకున్నా ఫరవాలేదు. ఇప్పుడు రాసేదానికి నవ్వకు.

అమ్మకి బాగాలేదని నువ్వు పంపిన కబురు మర్నాడు పొద్దున్నే అందింది. ఇక్కణ్ణుంచి మీ ఊరు ఒక్క రాత్రి ప్రయాణం. నేను మాత్రం పద్నాలుగు రోజులు ఆగాను. నడిసముద్రంలో ఉన్నవాడు మర్నాడే గుమ్మంలో దిగితే దొరికిపోతాడు కదా. జ్వరమే కదా, తగ్గిపోతుందనుకున్నాను. రోజులు లెక్కపెట్టుకుంటూ ఇస్త్రీ చేశాను. పదకొండో రోజున అమ్మ పోయింది.

ఆరేళ్ళుగా నీ ఇంటికి రాకపోవడానికి కారణం అదే. సాకులు ఇక మిగల్లేదు.

అన్నయ్య


రేవు వీధి
ఆదివారం

చెల్లీ,

మూడు వారాలైంది. తిడుతూ అయినా రాయి.

అన్నయ్య


వెనక వరండా
బుధవారం

అన్నయ్యా,

నువ్వు వంటవాడివి కాదని తెలిసి నాకు కోపం రాలేదు. ఆరు కిలోల ఉల్లిపాయల రోజే నాకు సగం అనుమానం రావాల్సింది. వాంతుల దగ్గర నవ్వొచ్చింది కూడా. మీ బావగారికి చదివి వినిపిస్తే ఆయన కుర్చీలోంచి కిందికి జారారు.

కానీ పద్నాలుగు రోజులు. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు మడిచి పెట్టానో, ఎన్నిసార్లు విప్పానో. మొన్న కొట్టులో అద్దం అరగదీస్తూ పగలగొట్టాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఆ పదకొండు రోజులూ ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు. అమ్మ పొద్దున్న లేస్తూనే "వాడెక్కడిదాకా వచ్చాడు?" అనేది. నాకేం తెలుసు? ఆ బిళ్ళల పుస్తకం తెరిచి రోజుకి రెండు మూడు రేవుల పేర్లు చెప్పేదాన్ని. ఫలానా చోట ఓడ మారాడమ్మా, ఫలానా చోట వాన పడిందిట, రేపు బయల్దేరతాడు అని. ఒక్కో రోజు దగ్గరగా తెస్తూ వచ్చాను. నువ్వేమో ఒక్క రాత్రి దూరంలో ఉన్నావు. అబద్ధాలాడటంలో నేనూ నీకు తీసిపోలేదు. కాకపోతే నావి ఆవిడ పక్కన కూర్చుని ఆడాను.

ఆదివారం రా. అరవై మందీ వస్తారు. నీ సంగతి నేను చెప్పను. నువ్వే చెప్పు, పళ్ళ డాక్టరు ముందు, నిలబడి. అదీ నేను వేసే శిక్ష.

నీ చెల్లెలు


రేవు వీధి, మేడ మీది గది
మంగళవారం

పిడుగూ,

నిన్న పొద్దున్న దిగాను. నువ్వు రైల్లోకి ఇచ్చిన పొట్లం మొత్తం తిన్నాను. ఒక సంగతి దాచను, అందులో ఉప్పు ఎక్కువైంది.

ఒక్క సహాయం చెయ్యి. ఆదివారం సాయంత్రం నేను బల్ల ఎక్కి నోరు తెరవడం వరకే గుర్తుంది. కాళ్ళ కింద బల్ల ఓడలాగే ఊగింది. తర్వాత గుర్తున్నది నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు, పక్కన బావగారు బకెట్ పట్టుకుని. నేనేం చెప్పాను? ఎవరేమన్నారు? ఆ రాత్రే రైలెక్కేశాను, ఎవరి మొహమూ చూడలేదు.

వండటానికి నేను వెంటబెట్టుకొచ్చిన టర్కీ మీసాలాయన ఇంకా ఎందుకు రాలేదు? నాతోపాటే తిరిగి వచ్చేస్తానన్నాడు. శుక్రవారం వాళ్ళ ఓడ వెళ్ళిపోతుంది.

నీ అన్నయ్య


వెనక వరండా
గురువారం

అన్నయ్యా,

ఏం చెప్పావో చెబుతాను. బల్లెక్కి, కళ్ళు మూసుకుని, "నేను వంటవాణ్ణి కాదు, చాకలివాణ్ణి, నాకు సముద్రం పడదు" అన్నావు. గుక్క తిప్పుకోకుండా అదే మూడుసార్లు అన్నావు. అరవై మందీ గుడ్లప్పగించి చూశారు. అప్పుడు నీ వెనక మీసాలాయన, ఏం అర్థమైందో ఏమో, చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. పుట్టినరోజు అనుకున్నట్టున్నాడు. ఆయన కొడితే అందరూ కొట్టారు. నువ్వు ఆ బల్ల మీదే తూలావు.

ఆ తర్వాత ఊచలన్నీ ఆయనే కాల్చాడు. అరవై మందికి ఆరు కిలోల ఉల్లిరసం లెక్క సరిగ్గా కుదిరింది. కానీ తను ఒక్క ముక్కా నమల్లేకపోయాడు. పళ్ళ డాక్టరు అది పట్టేశాడు. పొయ్యి పక్కనే కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, టార్చి వేసి చూసి, "రెండు దవడ పళ్ళు!" అని గాలిపటం దొరికినంత సంతోషంగా అరిచాడు. సోమవారం ఒకటి, నిన్న ఒకటి తీశాడు. మీసాలాయన ఇవాళ సాయంత్రం రైలెక్కుతున్నాడు, కంగారుపడకు. ఆయన ఉన్న నాలుగు రోజులూ ఒకరి భాష ఒకరికి రాకుండానే వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు, కౌగలించుకున్నారు.

అసలు విశేషం ఆ తర్వాత. నువ్వు అంటించి వెళ్ళిపోయిన జబ్బు ఇక్కడ పాకింది. సోమవారం సాయంత్రం డాక్టరు మా గుమ్మంలోకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆ కోడి నేను వండేది కాదండీ. హోటల్లో ఉడికించింది తెచ్చి వెచ్చబెడతాను. మూత మీద ముల్లు పాడై మూడేళ్ళయింది" అన్నాడు. మంగళవారం సంగీతం టీచరు గోడ మీంచి, తనకి మొక్కజొన్న అంటే పరమ అసహ్యమనీ, ఆ రోజు గంజి కావాలనే కాచిందనీ చెప్పింది. నిన్న మీ బావగారు కాఫీ తాగుతూ తాగుతూ, "పదహారేళ్ళలో నేను నిజమైన మంట దగ్గరికి వెళ్ళింది నాలుగుసార్లే. మిగతావన్నీ చెట్టెక్కిన పిల్లులు, లిఫ్టుల్లో ఇరుక్కున్న పెద్దమనుషులు" అన్నారు. నేను డాక్టరు జోడు ఎడమ కాడ బిగించి ఇచ్చేశాను. మిగతా నాలుగిళ్ళవాళ్ళ కోసం చూస్తున్నాను.

ఇక మిగిలింది నేను. నీకు రాసినప్పుడు ఒక్కటి రాయలేదు. నిన్ను శిక్షించాలని దాచుకున్నాను.

పదకొండో రోజు అమ్మ "ఎక్కడిదాకా వచ్చాడు?" అంది. పుస్తకంలో రేవులన్నీ అయిపోయాయి. చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. "వచ్చేశాడమ్మా, గేటు తీస్తున్నాడు" అన్నాను. ఆవిడ కళ్ళు తెరవలేదు. తలుపు వైపు కాస్త తల తిప్పి, "ముందు వాడికేమైనా తినడానికి పెట్టు. ఊళ్ళోవాళ్ళకి వండేవాడికి ఎవరు పెడతారు?" అంది. అవే ఆఖరి మాటలు. అప్పుడు ఇంట్లో ఏమీ లేదు. పొయ్యి వెలిగించి మూడు రోజులైంది. ఆవిడకి వినపడాలని వంటింట్లోకెళ్ళి గిన్నెలు చప్పుడు చేశాను.

వచ్చే ఆదివారం రా. ఎవర్నీ పిలవడం లేదు. ఏ దేశం వంటా లేదు. నువ్వు వరండాలో కూర్చో, నేను వండుతాను. ఉప్పు ఎక్కువైతే నోరు మూసుకుని తిను.

నీ చెల్లెలు